గుడ్డి వంశం

ప్రాగ్ దగ్గరి యింత్సె అనే ఊళ్ళో ఏ ఇంటి కిటికీ చూసినా పూలకుండీ పక్కన ఒక రాతి పురుగు ఉంటుంది. ఊరికి ఆనుకుని ఉన్న వినిత్సె గుట్ట మీద పచ్చటి పలకరాయిని చీలిస్తే చాలు, బయటపడతాయి. వంపు తిరిగిన తల, పక్కటెముకల్లాంటి నడుము, బుల్లి తోక, అంతా తుప్పు రంగులో అచ్చు పోసినట్టు ఉంటుంది. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట అక్కడ సముద్రం ఉండేదట, దాని అడుగున బురదలో ఇవి పాకుతూ తిరిగేవట. ఊళ్ళో చాలామంది సముద్రం చూసి ఎరగరు గానీ పురుగులు మాత్రం వాళ్ళకి కొట్టిన పిండి. పిల్లలు వాటితో ఆడుకుంటారు, ఆడవాళ్ళు కోళ్ళగూటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడతారు. అవి ఏనాడూ ఎవరి జోలికీ పోలేదు. ఒక్క బర్తాక్ వాళ్ళింటిని మాత్రం నిలువునా ముంచాయని చెప్పుకుంటారు. ఉత్త మాట. ఎప్పుడో చచ్చి రాయైపోయిన పురుగు ఎవరిని ముంచుతుంది? బతికున్న మనుషులు ఉండగా దానికేం అవసరం?

బర్తాక్ ఇగ్నాత్స్ రంపపు మిల్లులో పనివాడు. మొదటి పెద్ద యుద్ధంలో ఇటలీ సరిహద్దు దాకా వెళ్ళి, కాళ్ళూ చేతులూ సరిగ్గానే ఉండగా తిరిగొచ్చాడు. మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. పెద్దపిల్ల హెద్వికాకి అప్పటికి ఏడేళ్ళు. కాన్పు సమయానికి దాన్ని గుట్ట అవతల అమ్మమ్మ ఊరికి పంపించారు. తిరిగొచ్చేసరికి ఉయ్యాల్లో తమ్ముడు, కళ్ళ మీద తడిగుడ్డ, ఇల్లంతా సీమచామంతి కషాయం వాసన. గుడ్డ ఎందుకమ్మా అని అడిగితే తల్లి ఫిలొమేనా, "నిద్రపోతున్నాడు, గోల చెయ్యకు" అంది. ఆ గుడ్డ తీసేశాక కూడా పిల్లాడు దీపం కేసి తల తిప్పలేదు. వాడికి ప్రోకోప్ అని పేరు పెట్టారు.

అప్పట్నుంచీ ఇగ్నాత్స్‌కి ఆదివారాలు ఇంట్లో కాలు నిలిచేది కాదు. ప్రార్థన కాగానే సుత్తి జేబులో వేసుకుని గుట్టెక్కేవాడు. మంచి పురుగు దొరికితే ప్రాగ్ నుంచి వచ్చే పెద్దమనుషులు తీసుకునేవాళ్ళు, బదులుగా పొగాకు ఇచ్చేవాళ్ళు. కొడుకు మొహం చూడలేక పోతున్నాడని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు ఒక్కోసారి నిజమే చెబుతారు.

హెద్వికా తండ్రికి రొట్టె పట్టుకుని గుట్ట మీదికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం ఆ ప్రాగ్ పెద్దమనుషుల్లో కళ్ళజోడాయన ఒకడు అక్కడున్నాడు. తండ్రి తీసిన రాయిని బొటనవేలికి ఉమ్మి తడి చేసుకుని తుడిచి, ఎండకి పెట్టి చూశాడు.

"ఆహా, కోనోకొరిఫే! ఎంత నిండుగా ఉందో. చూశారా బర్తాక్ గారూ, దీనికి కళ్ళు లేవు."

"అయ్యో, సుత్తి తగిలి ఊడిపోయాయా అయ్యా?"

"ఊడిపోవడానికి ఉంటేగా! అసలు పుట్టుకే అంత. రోద్ రోద్ మొత్తం గుడ్డిదే. ముత్తాత నుంచి మునిమనవడి దాకా ఒక్కదానికి కన్నుంటే ఒట్టు. ఇదొక్కటే కాదు, కళ్ళు లేనివి ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అన్నిటినీ మేం ఒకే ఇంటివిగా కట్టాం."

రోద్ అంటే అక్కడి వాళ్ళ మాటలో వంశం. ఫలానా రోద్ వాడంటే ఫలానా ఇంట్లో పుట్టినవాడని. పురుగుల్నీ మొక్కల్నీ జాతులుగా విడదీసి సర్దే చదువుకున్నవాళ్ళు, దగ్గరి జాతులన్నీ కలిపిన గుంపుకి కూడా ఆ మాటే పెట్టుకున్నారు. ఆ భాషలో వేరే మాటే కరువైనట్టు! కళ్ళజోడాయన గుంపు గురించి చెప్పాడు. ఇగ్నాత్స్ చెవికి వంశం వినపడింది. అరచేతిలో ఆ రాయి పెట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. దించుకోవడానికి చోటు దొరకని మూటేదో చివరికి దించుకున్నవాడిలా ఆయన భుజాలు కిందికి జారడం హెద్వికా చూసింది. ఆ వయసులో దానికేం తెలుస్తుంది, నాన్న అలిసిపోయాడనుకుంది.

ఆ సాయంత్రం ఆయన ఆ రాయిని బంగాళాదుంపల సూపు గిన్నె పక్కన బల్ల మీద పెట్టాడు.

"చూడు ఫిలొమేనా. పెద్ద చదువు చదివినాయన చెప్పాడు. ఇది వంశంలో ఉంటుందట."

"ఏది?"

"గుడ్డితనం. మా వైపు ఎవరూ లేరు. మీ పిన్నికి కళ్ళు పోలేదూ?"

"ముసలితనంలో పోయాయి. పొరలొచ్చి."

"పోయాయా, లేదా?"

"పోయాయి."

"మీ మేనమామ కొడుకు?"

"వాడికి క్వారీలో రాయి ఎగిరి తగిలింది. అదీ ఒక కన్నే."

"రాయి తగిలిన ప్రతివాడికీ కన్ను పోతుందా? లోపల ఉంటేనే పోయేది."

ఫిలొమేనా పొయ్యి వైపు తిరిగి నిలబడింది. ఆవిడ వీపు చూస్తూ హెద్వికా, అమ్మ ఏదో ఒకటి అంటుందని ఎదురుచూసింది. ఆవిడ సూపు కలిపింది. కలపాల్సిన అవసరం లేకపోయినా కలుపుతూనే ఉంది. ఇగ్నాత్స్ ఆ రోజు నుంచి అత్తారి వైపు మనుషుల్ని ఒక్కొక్కళ్ళనే ఏరి ఆ రాతి పక్కన పేర్చాడు. పొరలొచ్చిన పిన్ని, రాయి తగిలిన బంధువు, ఆఖరికి సాయంత్రమైతే సూదిలో దారం ఎక్కించలేని ముసలి మేనత్త కూడా ఆ వరసలో చేరిపోయింది. సారాకొట్టులో చెప్పాడు, మిల్లులో చెప్పాడు. నెల తిరిగేసరికి బర్తాక్ వాళ్ళ పేరు గుడ్డి వంశం అయిపోయింది.

బళ్ళో పిల్లలు హెద్వికా మొహం ముందు వేళ్ళాడించి, "ఎన్నున్నాయే, చెప్పు చూద్దాం" అనేవాళ్ళు. అది ఏడిచేది కాదు, చెప్పేది. తర్వాత్తర్వాత ఎవరూ అడక్కపోయినా దూరంగా కొండ మీద చెట్ల కొమ్మలు చూసి, రైలు పెట్టెల మీద అంకెలు చూసి, తన కళ్ళని తనే పరీక్ష పెట్టుకోవడం అలవాటైపోయింది.

ప్రోకోప్‌ని ప్రాగ్‌లో చూపులేని పిల్లల బడిలో వేశారు. అక్కడే ఉండి చదువుకుని, బ్రష్షులు కట్టడం, బుట్టలు అల్లడం నేర్చుకున్నాడు. వేసవికి ఇంటికొస్తే వాడికీ అక్కకీ లోకం పట్టేది కాదు. వాడిది పదునైన నోరు. "అక్కా, ఆ పక్కింటావిడ ఇవాళ కొత్త చెప్పులేసుకుంది, కిర్రు కిర్రుమంటోంది, పొగుడు, లేకపోతే బాధపడుతుంది" అనేవాడు. హెద్వికా పకపకా నవ్వేది. వాడి చెయ్యి ఎప్పుడూ ఆమె మోచేతి మడతలో ఉండేది. ఆ చెయ్యి అక్కడ లేకపోతే ఏదో మరిచిపోయి బయటికొచ్చినట్టు ఉండేదామెకి.

బొహుమీర్ అనే కుర్రాడు ఊరి స్టేషన్‌లో రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పెద్ద చెవులు, నిదానమైన మనిషి. చర్చి పండగ డాన్సులో హెద్వికా కాలు తొక్కి, క్షమాపణ చెప్పడానికి మర్నాడు అడవిలో ఏరిన పుట్టగొడుగుల బుట్ట పట్టుకొచ్చాడు. ఆ తర్వాత క్షమాపణ చెప్పాల్సిన పని లేకపోయినా తెచ్చాడు. ఇరవై అయిదేళ్ళ పిల్లకి అంతకంటే ఏం కావాలి? ఆమె అతన్ని మీరెక్ అని పిలిచేది. ఇద్దరూ పిల్లల పేర్ల దాకా వెళ్ళిపోయారు. ఆడపిల్లయితే ఏం పెట్టాలో హెద్వికా ముందే అనుకుంది గానీ ఎవరికీ చెప్పలేదు.

"చెవులు మాత్రం నీవి రాకూడదు దేవుడా" అంది ఒకసారి.

"చెవులేగా, జుట్టు కప్పుతుందిలే" అన్నాడతను.

ఆ మాటకి ఆమె నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. చెవులైతే జుట్టు కప్పుతుంది.

ఒక ఆదివారం బొహుమీర్ నల్లకోటు తొడుక్కుని, సీసా చేత పట్టుకుని, పిల్లనడగడానికి వచ్చాడు. ఇగ్నాత్స్ సీసా మూత తియ్యలేదు. కిటికీలోంచి రాయి తెచ్చి ముందు పెట్టాడు.

"అబ్బాయ్, నీమీద నాకేం కోపం లేదు. పిల్ల మీదా లేదు. ఇది చూడు. వీటికి తరతరాలుగా ఇంతే. నా కొడుకుని చూశావుగా? రేపు నీకు అలాంటివాడే పుడితే నన్ను తిట్టుకుంటావు. ఈ వంశం ఇక్కడితో ఆగిపోవాలి."

"మామయ్యగారూ, ఇది ఉత్త రాయేనండీ."

"నేనింకా మామయ్యని కాలేదు."

ఫిలొమేనా కాఫీ తెచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టింది. "నువ్వైనా చెప్పవే" అన్నాడు ఇగ్నాత్స్. "నన్నడక్కు" అని ఆవిడ పళ్ళెం అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ నోరు తెరవాల్సిన రోజంటూ ఒకటుంటే అదే. తెరవలేదు.

వాకిట్లో బొహుమీర్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "పురుగుని చూసి పెళ్ళి మానుకోవడం నావల్ల కాదు హెద్వికా. ప్రోకోప్ ప్రాగ్‌లో డాక్టర్ల మధ్యనే ఉన్నాడుగా. వాణ్ణే అడుగుతాను. వాడు ఇది వంశంలోది కాదంటే మీ నాన్న రాళ్ళు మీ నాన్ననే ఉంచుకోమను."

ప్రోకోప్ అప్పుడు సెలవులకి ఇంట్లోనే ఉన్నాడు, బడి ముగిసే ఏడు. మర్నాడు ఇద్దరూ లితావ్కా ఏటి మీది వంతెన దగ్గరికి నడిచారు. హెద్వికా బట్టలుతికే రేవు నుంచి చూసింది. మాటలు వినపడే దూరం కాదు. తమ్ముడు కమ్మీ పట్టుకుని నీళ్ళ వైపు మొహం పెట్టి ఏదో చెప్పాడు. బొహుమీర్ తల వంచుకున్నాడు. తర్వాత వాడి చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా ఇంటి దాకా దింపి వెళ్ళాడు.

ఆ వారమంతా రాలేదు. వచ్చాక కూడా గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఏమన్నాడు వాడు?"

"ఏమంటే ఏంలే. నేను ఆలోచించుకున్నాను. మనకి పిల్లలొద్దు. మనిద్దరం చాలు."

ఆమెకి అర్థమైపోయింది. ఆ మనిషి అబద్ధం చెప్పలేడు, అందుకే చుట్టు తిరిగి చెబుతున్నాడు. హెద్వికా గుండె రాయి చేసుకుంది. "ఇవాళ చాలంటావు మీరెక్. మన ఈడువాళ్ళ పిల్లలు బడికి వెళ్తుంటే నీ మొహం నేను చూడాలి. నువ్వు నన్నేమీ అనవు, అదే నేను భరించలేను. వెళ్ళిపో."

"నువ్వు కావాలనే అంటున్నావు."

"అవును, కావాలనే. పో."

అతను వెళ్ళాడు. మరుసటి ఏడు పక్క ఊరు లొహొవిత్సె పిల్లని చేసుకున్నాడు. హెద్వికా ఆ రోజు దొడ్లో క్యాబేజీ నరికింది. ఉప్పులో ఊరబెట్టడానికి ఒక పీపాకి సరిపడా కావాలి, ఆమె రెండు పీపాలకి నరికింది.

తర్వాత మరో యుద్ధం వచ్చింది, పోయింది. జెండాలు మారాయి, మిల్లు సర్కారుదైంది. ఇగ్నాత్స్ ఊపిరితిత్తులకి రంపపు పొట్టు పట్టి మంచాన పడి పోయాడు. పోయేదాకా, తన మాట విని ఇంటి పేరు నిలబెట్టిన పిల్ల అని కూతుర్ని మెచ్చుకుంటూనే ఉన్నాడు. ఫిలొమేనా ఆయన తర్వాత ఎక్కువ కాలం లేదు. చివర్లో కూతురి చెయ్యి పట్టుకుని, "క్షమించు తల్లీ" అనేది. "దేనికమ్మా?" అంటే, "అన్నిటికీ" అని కళ్ళు మూసుకునేది. జ్వరంలో ఏదో అంటోందనుకుంది హెద్వికా.

ఆమె బడి వంటగదిలో పనికి కుదిరింది. ఊరి పిల్లలందరికీ మధ్యాహ్నం ఆమే వడ్డించేది. బొహుమీర్ పిల్లలు ముగ్గురూ ఆమె గరిటె కింద నుంచే పెరిగారు, ఆ తర్వాత వాళ్ళ పిల్లలూ వచ్చారు. ఆ పెద్ద చెవుల్ని వరుసలో దూరం నుంచే గుర్తుపట్టేది. వాళ్ళకి పళ్ళెంలో ఉడికించిన పిండిముద్ద ఒకటి ఎక్కువ పడేది, దాంతో పాటు "ఒలకబోశావంటే చెవులు మెలేస్తాను" అనే మాట కూడా పడేది. నోటి దురుసు మనిషి అని పేరొచ్చింది. అంత కడుపుమంట ఉన్న మనిషి నోరు ఆ మాత్రం కూడా దురుసుగా లేకపోతే ఎలా?

ఇంట్లో ప్రోకోప్ బ్రష్షులు కట్టేవాడు. ఆమె పని నుంచి రాగానే, "ఇవాళ ఎవర్ని ఏడిపించి వచ్చావు?" అనేవాడు. ఆదివారం చర్చికీ, బుధవారం సంతకీ, మంగలి దగ్గరికీ, ఎక్కడికైనా ఆమె మోచెయ్యే. ఇద్దరి జుట్టూ కలిసే నెరిసింది. ఊళ్ళో వాళ్ళని చూసి, "తోబుట్టువులంటే అలా ఉండాలి" అనేవాళ్ళు.

హెద్వికా పనిమానేసిన ఏడాది, వేసవిలో, దాషా హవ్రాన్‌కోవా అనే అమ్మాయి వాళ్ళింట్లో అద్దెకి దిగింది. ప్రాగ్‌లో రాళ్ళ చదువు చదివి, రాతి పురుగుల మీదే పరిశోధన చేస్తోంది. ముక్కు ఎండకి కమిలి, ప్యాంటు నిండా బురద, గొంతు ఇల్లెగిరిపోయేంత. వినిత్సె వాలు మీద పగలంతా తవ్వి, వాన పడితే వంటింటి బల్ల మీద రాళ్ళు పరుచుకునేది. ప్రోకోప్‌కి ఆ పిల్ల తెగ నచ్చింది. మాట్లాడేవాళ్ళు దొరికితే వాడికి పండగే.

ఆ ఆదివారం పొద్దున్నుంచీ వాన. భోజనానికి ముందు దాషా ప్రోకోప్ వేళ్ళ కింద ఒక రాయి పెట్టింది.

"చెప్పండి చూద్దాం."

వాడు తడిమాడు. "బుగ్గలు నున్నగా ఉన్నాయి. ఇది మా నాన్న పురుగు. కోనోకొరిఫే."

"మరి ఇది?"

"ఇదీ అలాంటిదే. కాదు, ఆగు. ఇక్కడ చిన్న బొడిపె ఉంది."

"అది కన్ను! శభాష్. ఇప్పుడిది, ఇంకో గుడ్డిది. ఈ మూడింట్లో ఏ రెండు చుట్టాలో చెప్పండి."

పొయ్యి దగ్గర్నుంచి హెద్వికా అంది: "దానికి చదువెందుకమ్మాయ్? గుడ్డివి రెండూ ఒక వంశం."

"మా పెద్దవాళ్ళూ అలాగే కట్టారండీ! కళ్ళు లేనివన్నీ ఏరి ఒకే ఇంట్లో పడేశారు. నేను ఒప్పుకోను. మా ప్రొఫెసరు గారితో రోజూ యుద్ధమే. నుదురు చూడాలి, నడుము చూడాలి, అంచు చూడాలి. అలా చూస్తే ఈ గుడ్డిదానికి ఆ గుడ్డిదానికంటే ఈ కళ్ళున్నదే దగ్గరి చుట్టం. అసలు సంగతేమిటంటే, ఇవన్నీ కళ్ళున్నవాటికే పుట్టాయి. ఎవరి దారిన వాళ్ళు చీకటి నీళ్ళలోకి పోయారు, ఎవరి కళ్ళు వాళ్ళకి విడివిడిగా పోయాయి. లేనిదాన్ని పట్టుకుని చుట్టరికం కలిపితే ఎలా?"

ప్రోకోప్ బీరు గుక్క మింగి గట్టిగా నవ్వాడు. "అచ్చం మా బడి! బయటివాళ్ళకి మేమంతా ఒకటే మంద, గుడ్డోళ్ళు. లోపలికొచ్చి చూస్తే ఒకడికి మశూచి, ఒకడికి కంట్లో సున్నం, సగం మందికి నాలాగే పుట్టిన వారంలోనే పట్టిన చీము. ఎవడి కథ వాడిది. ఏ ఇద్దరం చుట్టాలం కాము."

"చూశారా, మీరు మా ప్రొఫెసరు గారి కంటే నయం" అంది దాషా. కిటికీలోంచి తల బయటికి పెట్టి, "తెరిపిచ్చింది" అని, సంచీ భుజాన వేసుకుని, భోజనం తర్వాత చేస్తానంటూ పరుగెత్తింది.

పొయ్యి మీద సూపు ఉడుకుతోంది. హెద్వికా చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఏమన్నావు ఇప్పుడు?"

"దేని గురించి?"

"పుట్టిన వారంలో చీము అన్నావు. నాలాగే అన్నావు."

ప్రోకోప్ మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది. బల్ల మీద రాళ్ళని దగ్గరికి జరుపుకోవడం మొదలుపెట్టాడు.

"పాత సంగతులక్కా. వడ్డించు."

"ప్రోకోప్."

"మందు చుక్కలు వేసుంటే ఆగిపోయేదట. మన మంత్రసాని సీమచామంతి నీళ్ళతో కడిగి ఊరుకుంది. అంతే."

"చీము ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అమ్మ నుంచి. అమ్మకి నాన్న నుంచి. నాన్న యుద్ధం నుంచి తెచ్చుకున్న సుఖరోగం."

"అమ్మకి తెలుసా?"

"ప్షిబ్రామ్ పట్నం డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడట. నేను పెద్దయ్యాక అమ్మని నిలదీస్తే ఒప్పుకుంది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నాన్న పరువట."

"నాన్నకి తెలిసే ఆ రాయి తెచ్చి బల్ల మీద పెట్టాడా?"

"ఆయన నమ్మాడక్కా. మొదట నమ్మితే బాగుండుననుకున్నాడు, పోను పోను నిజంగానే నమ్మాడు. ఆయన అబద్ధమాడాడని నేననుకోను."

హెద్వికా గరిటె కింద పెట్టింది. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "మీరెక్ నిన్నడిగినప్పటికి నీకు తెలుసా?"

వాడు తలూపాడు.

"వంతెన మీద ఏమడిగాడు నిన్ను?"

"మీ అక్కకి పుట్టే పిల్లలకి చూపుంటుందా అని."

"నువ్వేమన్నావు?"

"వంశం అన్నాను."

బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ప్రోకోప్ ఆగలేక తనే మాట్లాడాడు. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "బడి అయిపోతోంది. ఇంటికొచ్చేస్తున్నాను. నువ్వు స్టేషన్ క్వార్టర్లకి వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారు? నాన్నా? నా పక్కన కూర్చున్నా నాకేసి తిరిగేవాడు కాడు, గొంతు ఎటు నుంచి వస్తుందో నాకు తెలీదూ? అమ్మ నన్ను ముట్టుకున్నప్పుడల్లా ఏడిచేది. నువ్వొక్కదానివే నాతో మామూలుగా ఉన్నావు. ఒక్క మాట అన్నాను. తర్వాత సర్దిచెబుదాం అనుకున్నాను. ఈలోగా వాడికి పెళ్ళైపోయింది. ఇంక చెప్పి ఏం లాభం అనుకున్నాను. రోజూ అనుకున్నాను. నిజం అక్కా, రోజూ."

వాడు ఆమె వైపు చెవి ఒగ్గాడు.

"తిట్టు. ఏదో ఒకటి అను."

ఆమె పొయ్యి పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. పేరు పెట్టుకుని ఎవరికీ చెప్పని ఆ పిల్ల ఆమె కళ్ళ ముందుకొచ్చింది. పెద్ద చెవులు, జుట్టుతో కప్పిన చెవులు, రెండు మంచి కళ్ళు. ఈపాటికి ఆ పిల్లకే పిల్లలుండేవాళ్ళు. తనెక్కడుందో వాడికి తెలియకుండా ఆమె ఊపిరి బిగబట్టింది.

ప్రోకోప్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "అక్కా?" చెయ్యి చాచి పొయ్యి వైపు రెండడుగులు వేశాడు, సెగ తగిలి వెనక్కి తగ్గాడు. బల్ల అంచు పట్టుకుని చుట్టూ తిరిగాడు. తలుపు దాకా వెళ్ళి తడిమాడు, అది మూసే ఉంది. "హెద్వా, ఇక్కడే ఉన్నావా? వెళ్ళిపోయావా? అక్కా, పలుకు." యాభై దాటిన మనిషి, చేతులు గాల్లో ఆడిస్తూ, తను పుట్టి పెరిగిన వంటింట్లో దారి తప్పినవాడిలా తిరుగుతున్నాడు. ఆమె కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది. ఒకసారి వాడి వేళ్ళు ఆమె మొహానికి జానెడు దూరంలోకి వచ్చి పక్కకి పోయాయి. ఆమె తల కాస్త వెనక్కి తీసుకుంది. అలా తీసుకున్నందుకు ఆమెకి ఏ బాధా కలగలేదు.

సూపు పొంగి పొయ్యి మీద పడి చుర్రుమంది. వాడు ఆ చప్పుడుకి నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

హెద్వికా గిన్నె దించింది. పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టింది.

"ఇక్కడే ఉన్నాను" అంది. "ఇప్పుడింక ఎక్కడికి పోతానురా?"